తోలు సీలు

జీపు వెనుక యాక్సిల్ అంటే పైకి ఒక ఇనుప బుర్ర, దానికి రెండు దిక్కుల రెండు గొట్టాలు. లోపల సామాను లేని ఒట్టిదాన్ని మా షెడ్ల ‘ఖాలీ హౌసింగు’ అనేటోళ్లు. 1991 గోదావరి పుష్కరాలకు ముందు ధర్మపురిల అసొంటిదొకటి మా ముందట పడ్డది. అప్పుడు మాది కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల. జీపు ఒక దొరది. ఏటి ఇసుకల తిప్పి తిప్పి పాత యాక్సిల్ పగలగొట్టుకున్నడు. పుష్కరాలకు జనాన్ని మోస్తే పైసలొస్తయని తొందర.

నేను పదో తరగతి కాంగనే షెడ్ల చేరిన మాదిగ పిల్లగాణ్ని. ఉస్తాద్ ముస్లిం. వాడ బయట నా చేతి నీళ్లు తాగిన మొదటి మనిషి. ఆయన చెప్తుంటే సామాన్ల పేర్లు రాసుకున్న. క్రౌను, పినియన్ జతగనే కొనాలె, రెండూ కలిపి నూరిన పళ్లు. ముందు యాక్సిల్ల 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియన్ ఉన్నయ్, వెనుక గూడ గవే ఉండాలె. యుద్ధకాలపు విల్లీస్ జీపుది 39, 8. అది చవుకగ దొరుకుతదని దొర అంటే ఉస్తాద్ ఒప్పుకోలే. నాలుగు చక్రాలు కలిపి నడిపిస్తే ముందుది వెనుకదాన్ని గుంజుతది, గేరు డబ్బా పగుల్తది అన్నడు. ఇంక స్పైడర్ పళ్లు, వాటి పిన్ను, వాషర్లు, పినియన్ బేరింగులు, సైడు బేరింగులు, రెండు యాక్సిల్ రాడ్లు, డ్రమ్ములు, బ్రేకు షూలు, 90 నంబరు ఆయిలు.

అసలు పని షిమ్ములది. కాగితమంత పలుచటి రేకులు. పినియన్ ఎంత లోతుకు కూసోవాల్నో అవే చెప్తయ్. క్రౌను పళ్లకు నూనెల కలిపిన సింధూరం పూసి తిప్పితే, ఒరుసుకున్న కాడ మచ్చ పడ్తది. మచ్చ పంటి నడిమిట్ల ఉండాలె. అంచుకు పోతే మళ్ల విప్పుడే. పదకొండుసార్లు విప్పినం. సింధూరం పూజ సామాన్ల దుకాణంల తెచ్చెటోణ్ని. దుకాణపాయన పొట్లం నా చేతికి తాకకుండ పైనుంచి ఇడిశెటోడు. ఆంజనేయునికి పూసేదే నేను గ్రీసు చేతులతోటి ఇనుప పళ్లకు పూస్తున్నగదా అని నాలో నేనే నవ్వుకునేటోణ్ని.

అన్నీ కుదిరినయ్, పినియన్ సీలు తప్ప. రాణిగంజ్ నుంచి వచ్చినదాని కొలత వేరే. సీలు లేకుంటే ఆయిలు కారి బేరింగులు కాల్తయ్. ఉస్తాద్ పాత సీలు విప్పి చూపిచ్చిండు. లోపల తోలు! రబ్బరు రాకముందు జీపులల్ల తోలు సీళ్లుండేవట. “మీ నాయన్ను పిల్సుకరా బేటా” అన్నడు.

మా అయ్య మోటబాయిలకు తొండాలు కుట్టినోడు. కరెంటు మోటార్లొచ్చి ఆ పని పోయింది. లందల తంగేడు చెక్కతోటి పదును చేసిన బర్రెతోలు తెచ్చిండు. రంపెతోటి గుండ్రంగ కోసి, తడిపి, పినియన్ కొలతకు చెక్కిన కట్టె మీద సాగదీసి నీడకు ఆరబెట్టిండు. రాత్రంతా నూనెల నానేసిండు. పొద్దుగాల పాత ఇనుప చట్రంల కూసోబెట్టి స్ప్రింగు బిగిచ్చినం.

బిల్లుల ఆఖరి వరుస: తోలు సీలు, కూలీతో 40 రూపాయలు. దొర వేలు అక్కడ ఆగింది. “తోలుకు పైసలేందిరా? ఏటా గింజలిస్తలేనా?”

1978 సెప్టెంబరు 7 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత మా దిక్కు వెట్టి పోయిందంటరు. చాకిరి వరకు నిజమే. తోలుకు ధర కట్టుడు మాత్రం సభల్ల మాట్లాడినోళ్లకు గూడ యాదికి రాలే.

అయ్య తలకాయ వంచలే. “గింజలు చెప్పులకిచ్చిన్రు దొరా. ఇది జీపు సామాను. బిల్లుల ఉన్నది.”

ఉస్తాద్ తాళంచెవి జేబుల ఏసుకొని చాయ్ తాగుతున్నడు. కొంచెంసేపటికి దొర నలభై రూపాయలు స్టూలు మీద పెట్టిండు. అయ్య లెక్కపెట్టుకొని, మిగిలిన తోలు ముక్క ఉస్తాద్‌కిచ్చి, “ఇంకోటి ఎల్తది, ఉంచుకోండ్రి” అన్నడు.

పుష్కరాల పన్నెండు రోజులూ ఆ జీపు ఇసుకల తిరిగింది. తర్వాత బ్రేకు షూలకొస్తే కిందికి దూరి చూసిన. పినియన్ కాడ దుమ్ము పొడిపొడిగ ఉన్నది.