మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సోలార్

సోలార్ పెట్టించుకున్న ఇంట్లో ఏ తేడా వచ్చినా నింద ముందు ప్యానెళ్ల మీదే పడుతుంది. ఫ్యూజు పోయినా, మోటారు మూలిగినా ‘అది పెట్టించిన దగ్గర్నుంచే’ అంటారు. అలాంటి ఇంట్లో నేను మొదట అడిగేది ఒక్కటే: ఈ తేడా ఏ వేళకు వస్తోంది? రాత్రి తొమ్మిదింటికి బ్రేకర్ పడిపోతుంటే ప్యానెళ్ల జోలికి పోనక్కర్లేదు, ముందు గీజరునో తడిసిన బయటి ప్లగ్గునో చూడాలి. మంచు పడిన పొద్దున ఇన్వర్టర్ ఎర్రలైటు వేసి, ఎండెక్కాక తనే సర్దుకుంటే మాత్రం డాబా ఎక్కాల్సిందే. కోతులో ఎలుకలో కొరికిన చోట, ఇనుప ఫ్రేముకు ఒరుసుకున్న చోట కేబుల్ లోపలికి తడి దిగుతూ ఉంటుంది.

జనాన్ని బాగా తికమకపెట్టేది మధ్యాహ్నపు తేడా. మా పిన్ని వాళ్లింట్లో అదే జరిగింది. మూడు కిలోవాట్ల సోలార్. ఎండ బాగా ముదిరాక ఇన్వర్టర్ ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపించి ఆగేది, కాసేపటికి మళ్లీ అందుకునేది.

“ఎండకు తట్టుకోలేకపోతోందేమో నాయనా” అంది పిన్ని.

ఎండకు సంబంధం ఉంది గానీ వేడితో కాదు. మనింటి కరెంటు బయటి లైనులోకి వెళ్లాలంటే లైను కంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి కాస్త ఎక్కువుండాలి. దారిలో వైరు సన్నదైనా, స్క్రూ వదులైనా ఆ కాస్తా పెరిగిపోతుంది. 230 మీద పది శాతం, అంటే 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ లైనును వదిలేయాలన్నది నిబంధన. ఎండ ఎంత కాస్తే అంత కరెంటు తోస్తుంది కాబట్టి మధ్యాహ్నమే ఆ గీత దాటుతుంది.

పిన్ని ఇంట్లో సరిగ్గా ఆగబోయే ముందు కొలిస్తే ఇన్వర్టర్ దగ్గర 255, మీటరు దగ్గర 247 ఉంది. అంటే 8 వోల్టులు ఇంట్లోనే పోతున్నాయి. 13 ఆంపియర్లు పారే దారిలో అన్ని వోల్టులు పోతే దాదాపు వంద వాట్ల వేడి అక్కడే పుడుతున్నట్టు. పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది, రాత్రి మోటారు వేస్తే ఫ్యాన్లు డీలాపడుతున్నాయని. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. మీటరుకీ మెయిన్ బోర్డుకీ మధ్య జాయింటు వదులైతే రెండూ జరుగుతాయి, ఎందుకంటే పగలు కరెంటు బయటికెళ్లేదీ రాత్రి లోపలికొచ్చేదీ ఆ దారినే. సప్లై ఆపించి బోర్డు విప్పితే న్యూట్రల్ వైరు తొడుగు గోధుమరంగుకు మాడి, గోరు తగిలితే పెళ్లలుగా రాలింది. ఎలక్ట్రీషియన్ మాడిన మేర కత్తిరించి, కొత్త టెర్మినల్ వేసి బిగించాడు.

ఇంకో రకం మరమ్మతు ఉంది. ఇన్వర్టర్ సెట్టింగులోకి వెళ్లి ఆ 253 హద్దును పైకి జరిపేస్తారు. అది నాకు అసలు నచ్చదు. ఇన్వర్టర్ ఆగకపోవచ్చు, కానీ ఆ ఎక్కువ వోల్టేజి భారం ఫ్రిజ్జు, టీవీలే మోయాలి. మాడుతున్న జాయింటు మాడుతూనే ఉంటుంది.

మీటరు దగ్గరే 253 దాటుతుంటే తప్పు మన ఇంట్లో లేదు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తుండడంతో పక్కపక్క ఇళ్ల మీదే ప్యానెళ్లు లేస్తున్నాయి. వాడకం తక్కువగా ఉండే వేళ అందరూ ఒకే లైనులోకి తోస్తే వోల్టేజి లేస్తుంది. కొలిచిన వేళ, అంకె రాసి విద్యుత్ శాఖకు ఫిర్యాదు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడం వాళ్ల పని.

కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగడం మాత్రం లోపం కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది, దాన్ని తప్పించే ఉపాయం ఎవరు చెప్పినా వినొద్దు.

డాబా మీది పనికి ఎవరు పడితే వాళ్లను పిలవకండి. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి దిగే డీసీ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. లోడు మీద కనెక్టర్ లాగితే లేచే ఆర్క్ ఏసీలోలా తొందరగా ఆరదు. వచ్చినవాడు ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసోలేటర్ తిప్పి, మీటరు పెట్టి చూసుకుంటున్నాడో లేదో గమనించండి. సరాసరి కనెక్టర్ మీద చెయ్యి వేస్తే అక్కడే ఆపి కిందికి దింపేయండి.