తెల్లమన్ను గట్టు

పోయిన ఆదివారం రాత్రి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసింది. డిగ్రీ చదువుతోంది, హాస్టల్‌లో ఉంటుంది. ఆదివారం కాల్ అంటే మామూలుగా హాస్టల్ సాంబారు మీద ఫిర్యాదులే ఉంటాయి. ఈసారి మాత్రం గొంతులో ఏదో హుషారు.

"అమ్మా, ఫిబ్రవరిలో మేం నలుగురం మనాలి పోదామనుకుంటున్నాం. అక్కడ స్కీయింగ్ నేర్పిస్తారు. నేను నేర్చుకుంటానమ్మా!"

స్కీయింగ్ అంటే మీకు తెలిసే ఉంటుంది. కాళ్ళకి రెండు పొడుగాటి పలకలు కట్టుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, మంచు కొండ మీంచి కిందికి జారడం. సినిమాల్లో పాటల మధ్య చూడటమే కానీ, మన ఇంటి పిల్ల ఆ మాట అంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పక్కనే మా ఆయన జొన్నరొట్టె తింటున్నారు. తల ఎత్తకుండానే, "కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకునేదానికా? ఆడపిల్లకు ఏంటికవన్నీ?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఆయన ప్లేట్లో ఇంకో రొట్టె వేసి, గోంగూర గిన్నె దగ్గరికి జరిపాను. ఇరవై రెండేళ్ళ అలవాటు.

పిల్ల కాసేపు ఊరుకుని, నా వైపు తిరిగి అడిగింది. "నువ్వు చిన్నప్పుడు ఇట్లాంటివి ఏమన్నా చేసినావామ్మా?"

"మన కోయిలకుంట్లలో మంచు యాడిదిమే?" అని నవ్వేసి ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచు లేని మాట నిజమే. కానీ జారలేదని నేను పిల్లకి చెప్పకనే చెప్పినట్టయింది. అది మాత్రం అబద్ధం.

మా ఊరు చూసినవాళ్ళకి తెలుసు, అంతా నల్లరేగడి. వానాకాలం అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలు మాత్రం పైకి వస్తుంది. ఎండాకాలం అదే నేల నెర్రెలిచ్చి, లోపల చెయ్యి పెట్టేంత పగుళ్ళు పడుతుంది. పప్పుశనగకీ జొన్నకీ ఆ నేల బంగారమే కానీ, జారాలనుకునే పిల్లలకి అందులో ఏమీ లేదు. బడి మెట్ల పక్క గోడ, గుడి ముందు నున్నటి బండ, కళ్ళంలో చొప్పవామి, ఇంతే మా ఊళ్ళో జారుడు స్థలాలు. చొప్పవామి మీంచి జారితే ఒళ్ళంతా దురద. దానికి తోడు వామి గలవాళ్ళ తిట్లు.

అసలైన జారుడు మా అవ్వగారి ఊళ్ళో. బనగానపల్లె దిక్కు, జ్వాలాపురానికి దగ్గరే. మా ఊరి నుంచి బస్సులో గంట ప్రయాణం. మా ఊరి పక్కన పారే జుర్రేరే ఆ దిక్కునా పారుతుంది. మా ఊళ్ళో జుర్రేరంటే అందరికీ గుర్తొచ్చేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరి తీసింది ఆ ఒడ్డునే. అందుకని మా జేజి సాయంత్రం పూట అటు పోనిచ్చేది కాదు. అవ్వగారి ఊళ్ళో మాత్రం ఏటి దిక్కుకి పొమ్మని అవ్వే తరిమేది, ఇంట్లో అల్లరి పడలేక.

అక్కడి నేల వేరు. ఎర్రమన్ను గట్ల మధ్య ఒకచోట ఉన్నట్టుండి తెల్లమన్ను కనపడుతుంది. ముగ్గుపిండి కంటే మెత్తన. చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయేది. ఆడోళ్ళు గంపలతో తెచ్చుకుని, చింతపండు తొక్కుతో కలిపి ఇత్తడి బిందెలు తోమేవాళ్ళు. అవ్వ తోమిన బిందెలో ముఖం చూసుకోవచ్చు. అట్లా తవ్వి తవ్వి గట్టు ఒక పక్క వాలుగా అయింది. రెండు మనుషుల ఎత్తు ఉండేదేమో. చిన్నపిల్లకి అది కొండే.

మా బండి యూరియా సంచి. మామ చేనికి వేసి పారేసిన ఖాళీ సంచులు దొడ్లో ఉండేవి. లోపల ప్లాస్టిక్ కాగితం ఉన్నది దొరికితే పండగే, అది సర్రున జారుతుంది. సంచి మీద కూర్చుని, ముందు రెండు మూలలూ మోకాళ్ళ మీదికి లాక్కుని, తల వెనక్కి వాల్చాలి. వెనకున్నవాళ్ళు వీపు మీద ఒక్క తోపు తోస్తారు. అంతే. కడుపులో ఏదో పైకి లేచినట్టయి, కళ్ళు మూసి తెరిచేలోపల కింద ఉంటాం. చూస్తే ఒళ్ళంతా తెలుపు. కనురెప్పలూ ముక్కూ చెవులూ తెలుపే.

పద్ధతులు కూడా ఉండేవి. చిన్నోళ్ళు ముందు. ఏడ్చినోళ్ళకి ఆ రోజుకి వంతు లేదు. చినిగిన సంచి ఓడిపోయినవాళ్ళకి. పడిపోతామనిపిస్తే చెయ్యి కింద ఆనించకూడదు, పక్కకి ఒరిగి దొర్లిపోవాలి. ఈ చివరిది మా తమ్ముడు ముందుపన్ను పోగొట్టుకున్నాక పెట్టుకున్న పద్ధతి. ఎండాకాలం కాబట్టి పొద్దున తొమ్మిది లోపల, మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాత.

తెల్లటి జుట్టుతో ఇంటికి వస్తే అవ్వ వాకిట్లోనే ఆపేది. "ఏమే, నాకంటే ముందే ముసిలిదానివైతివే!" అని నవ్వి, గాబు దగ్గర నిలబెట్టి చెంబుల్తో నీళ్ళు కుమ్మరించేది. నాకు తెలిసిన సుఖాల్లో ఇప్పటికీ ఆ చల్లనీళ్ళది మొదటి స్థానమే.

నాకు పదమూడో ఏట ఆ సుఖం ఆగిపోయింది.

ఆ ఏడాది మార్చిలో పెద్దమనిషినయ్యాను. మేలో ఎప్పట్లాగే అవ్వగారింటికి పోయాం. పోయిన మర్నాడే దొడ్లోకి పరిగెత్తి మంచి సంచి వెతుక్కుని వస్తున్నాను. అమ్మ గడప దగ్గర అడ్డం నిలబడింది. "ఇంక సాల్లేమే. పెద్దపిల్లవైతివి. బావలుండే ఇల్లు, నలుగురూ సూస్తే ఏమనుకుంటారు?" అని సంచి నా చేతిలోంచి తీసుకుని తమ్ముడికి ఇచ్చింది. అమ్మ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఎదురు చెప్పేదాన్నేమో. చాలా మామూలుగా, పొయ్యి మీద పాలు దించమన్నట్టు అనింది.

అరుగు మీద కూర్చుని చిన్నమ్మ కూతురికి జడ వేస్తూ, గట్టు దిక్కు నుంచి వచ్చే కేకలు విన్నాను. ఎవరు జారుతున్నారో గొంతుని బట్టి తెలిసిపోయేది.

మూడో రోజో నాలుగో రోజో, పొద్దు గూకే వేళకి అవ్వ గంప తీసుకుంది. "తెల్లమన్ను అయిపోయినాది, తెచ్చుకుందాం రామే" అని నన్ను పిలిచింది. అమ్మ కూడా ఏమీ అనలేదు. మన్ను తేవడం ఆడోళ్ళ పనే కదా.

గట్టు దగ్గర ఎవరూ లేరు. పిల్లలంతా ఇంటికి పోయారు. అవ్వ అటూ ఇటూ చూసి గంప దించింది. అడుగున మడిచి పెట్టిన యూరియా సంచి ఉంది. "పో, ఎక్కు. నేను బాట సూచ్చాంటా. ఎవరన్నా వొస్తే దగ్గుతా" అనింది.

నేను నమ్మలేదు. మళ్ళీ అడిగాను. "బిన్నె పోవే, చీకటి పడతాది" అని కసిరింది.

మూడుసార్లు జారాను. మూడోసారి కిందికి వచ్చేసరికి అవ్వ బాట వైపు కాక నా వైపే చూస్తోంది. నేను దుమ్ము దులుపుకుంటుంటే మెల్లగా అడిగింది. "ఎట్లుంటాదిమే?"

"నువ్వెప్పుడూ జారలేదా అవ్వా? ఈ ఊళ్ళోనే కదా ఉండేది!"

"నాకు పదకొండేండ్లకే పెండ్లి చేసి ఈ ఊరికి తెస్తిరి. వచ్చినప్పట్నుంచీ మన్ను మోయడమేగానీ ఎక్కింది లేదు" అనింది. అని గంపలో మన్ను నింపుకోవడం మొదలుపెట్టింది. నేను ఎట్లుంటుందో చెప్పబోయాను. మాటలు రాలేదు. తర్వాత తెలుగు బి.ఏ. చదివి కావ్యాలన్నీ చూశాను, ఇప్పటికీ ఆ కడుపులో లేచేదానికి సరైన మాట దొరకలేదు.

మర్నాడు పొద్దున అమ్మ నాకు తల దువ్వుతుంటే పాపిట్లోంచి తెల్లటి పొడి రాలింది. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే జడ వేసింది. ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

పెళ్ళయ్యాక చాలా ఏళ్ళకి, పేపర్లో జ్వాలాపురం పేరు చూసి ఉలిక్కిపడ్డాను. మేం జారిన ఆ తెల్లమన్ను అసలు మన్నే కాదట, బూడిద! సుమారు 74,000 ఏళ్ళ క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం బద్దలైతే, ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మన జుర్రేరు లోయలో పడిందట. కొన్నిచోట్ల మనిషి నిలువు కంటే మందంగా ఉందట. శాస్త్రవేత్తలు తవ్వి చూస్తే బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంత విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్ళు 2007లో సైన్స్ పత్రికలో రాశారు. ఊరి పేరులోనే జ్వాల ఉండటం మాత్రం ఎవరు కుదిర్చారో! ఆ వార్త చదివే నాటికి అవ్వ లేదు. ఉంటే, "బూడిదైతే ఏమిలే, బిందెలు తెల్లగైతాండ్య" అనేది.

రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళికి పోయినప్పుడు ఆ గట్టు దగ్గరికి పోయి చూశాను. తవ్వుకుపోగా మిగిలింది నా నడుము ఎత్తు కూడా లేదు.

ఇవన్నీ ఆ ఆదివారం రాత్రి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కటి మాత్రం కొత్తగా తోచింది. నా సంచి తీసుకున్నది అమ్మ. ఇప్పుడు నా కూతురి వంతు వస్తే, రొట్టె వడ్డిస్తూ నోరు మూసుకున్నది నేను. అమ్మ కనీసం పైకి చెప్పింది. నేను అదీ చేయలేదు.

పొద్దున కాఫీ ఇస్తూ మొదలుపెట్టాను. నేర్పేది ప్రభుత్వ సంస్థేనని, మనాలీలో అటల్ బిహారీ వాజపేయి పేరు మీద ఉన్న పర్వతారోహణ సంస్థ అని, పిల్ల పంపిన వివరాలన్నీ చెప్పాను. ఆ మనాలి అమ్మాయే ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీ పోటీల్లో స్కీయింగ్‌లో మన దేశానికి మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చిందన్నాను. మన నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కినప్పుడు దానికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదన్నాను. డబ్బు గురించి ఆలోచించొద్దని, నా చీటీ జనవరిలో వస్తుందని కూడా చెప్పాను.

ఆయన అంతా విని, "నీకేం తెలుసుమే ఈ జారేదాని గురించి?" అన్నారు.

"నాకు తెలుసు" అన్నాను.

అవ్వ సంగతి చెప్పాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. "యూరియా సంచి మీదనా!" అని పగలబడి నవ్వారు. అవ్వ అడిగిన ప్రశ్న దగ్గర నవ్వు ఆపేశారు. కాఫీ తాగేదాకా ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి, "ఫీజు ఎంతంట?" అని అడిగారు.

మా ఆయన సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆయన ధర అడిగారంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగానికి ఇంకా ఫిబ్రవరి దాకా టైముంది.

సాయంత్రం నేనే పిల్లకి ఫోన్ చేశాను. ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకుని మొత్తం కథ చెప్పాను. అది కళ్ళింత చేసుకుని వినింది. చలికి ఏం బట్టలు కావాలో, పెదాలకి ఏం రాసుకోవాలో నాకు తెలియదు, వాళ్ళు చెప్పినట్టే చెయ్యమన్నాను. నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను.

"పడిపోతాననిపిస్తే చెయ్యి కింద ఆనించొద్దు. పక్కకి ఒరిగి దొర్లిపో. మీ మామ పన్ను అట్లనే పోయినాది."

"సరే అమ్మా. జారినాక ఎట్లుంటాదో నీకు చెప్తాలే" అనింది.

"చెప్పు, వింటాను" అన్నాను.