చనిపోయిన పిల్లాడి ఇల్లు

పోయిన ఆదివారం గుమ్మలక్ష్మీపురంలో మా స్టూడెంట్స్‌తో కూర్చుని 'కోటబొమ్మాళి పీఎస్' మళ్లీ చూశాను. 2021 నాటి మలయాళ 'నాయట్టు'ని 2023లో తెలుగులో తీశారు. పోలీసు జీపు ప్రమాదంలో ఒక యువకుడు చనిపోతాడు. ఎన్నికలో ఓట్ల కోసం సర్కారు ముగ్గురు పోలీసులను వేటాడుతుంది. మలయాళంలో చనిపోయినవాడూ దళితుడే, పారిపోయేవాళ్లలో ఇద్దరూ దళితులే. చిక్కంతా అక్కడే ఉంది.

"పోలీసులూ మనలాటోళ్లే కదా సార్" అన్నాడు ఒక జాతాపు కుర్రాడు. కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, తెల్లారకముందే రోడ్డు మీద పరుగు తీస్తాడు. కాదని ఎలా అనను? మా మాలపేటలో మొదటి కానిస్టేబుల్ మా చిన్నాన్న కొడుకే. వాడి జీతంతోనే చెల్లి పెళ్లి అయింది. లాఠీ ఎవరి మీద ఎత్తాడో నేను అడగను, వాడు చెప్పడు.

"సరే, చనిపోయిన పిల్లాడి ఇల్లు సినిమాలో ఎంతసేపు చూశావు?" అన్నాను. ఆలోచించాడు. గుర్తు రాలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే లేవిడి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు గిరిజన సభకి వెళ్తున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు అక్కడే కాల్చి చంపారు. కోర్టు ముద్దాయిలను వదిలేసింది. ఆ రెండు ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచిందో ఏ కెమెరా చూపించింది?

"లేవిడి మా మేనత్తోళ్ల ఊరే సార్" అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే మళ్లీ పరుగుకి వెళ్లాడు.