హైదరాబాద్ బిడ్డ – వాయుసేనాధిపతి

మేడ్చల్, శామీర్‌పేట వైపు హాస్టళ్లలో చదివిన మనకు విమానం మోత కొత్త కాదు. ఒక పక్క హకీంపేట, ఇంకో పక్క దుండిగల్. స్టడీ అవర్‌లో చప్పుడు వినబడితే చాలు, అందరి తలలూ పైకి లేచేవి. "అవి నడిపేది మనలాంటోళ్లు కాదురా" అనేవాడు పక్కనున్న మిత్రుడు. మరి ఎవరు నడుపుతారు? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. డిగ్రీలో ఉండగా లైబ్రరీలో ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారి గురించి చదివాను.

ఆయన 1923 జూన్ 9న మన హైదరాబాద్‌లోనే పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. 1942లో, పద్దెనిమిదేళ్లకే వాయుసేనలో అధికారి అయ్యారు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. మొదట కరాచీలో పాతకాలపు విమానాల్లో సముద్రతీరానికి కాపలా కాశారు. తర్వాత బ్రిటన్ వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడిపారు. 1944లో తిరిగివచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

1947లో దేశంతో పాటు వాయుసేన కూడా రెండుగా చీలింది. పాకిస్తాన్‌కు రమ్మని తోటి అధికారులు పిలిచినా ఆయన వెళ్లలేదు. మతం వేరు, దేశం వేరు అని తేల్చి చెప్పారు. 1950లో మొదటి గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ ఆకాశంలో విమానాల వరుసకు ముందు నిలిచింది ఆయనే. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతిగా చేశారు. జాగ్వార్ విమానాలు మన సేనలోకి వచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో మన రాయబారిగా పనిచేశారు. 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ఆయన మనలా ట్రంకుపెట్టెతో హాస్టల్‌కు వచ్చినవారు కాదు. ఆ చదువు, ఆ వసతులు మనకు లేవు. కానీ ఇప్పుడు దారి పరీక్షలో ఉంది. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు ఎన్‌డీఏ పరీక్ష పెడుతుంది. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఆపైన ఇంటర్వ్యూకు 900. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు లేదు. ఎంపికైతే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. 2016 జూన్ 18న దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అధికారులైంది మన దుండిగల్ అకాడమీలోనే!

ఇవన్నీ నాకు తెలిసేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. పరీక్షకు వయసు పందొమ్మిదిన్నర లోపే ఉండాలి. మా బ్యాచ్‌లో లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. పదో తరగతిలో ఈ సంగతి చెప్పేవాళ్లే మాకు లేకపోయారు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే ముందే గుర్తుపెట్టుకోండి. వాయుసేనకు ఎంపీసీ కావాలి. రోజూ ఒక గంట లెక్కలు, అరగంట ఇంగ్లీషు పేపరు చదవండి. సీనియర్లూ, సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి వెళ్లండి.