ఎవరి రక్తం?

బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవలను నేను మొదటిసారి చదివింది హాస్టలు గదిలో, పరీక్షల ముందు రాత్రులలో. భయపడ్డానని చెప్పలేను. నాకు ఆ పుస్తకంలో దొరికింది భయం కాదు, ఉపన్యాసానికి పనికివచ్చే పోలిక. నవల వెలువడింది 1897లో. అంతకు ముప్పయ్యేళ్ల ముందే, 1867లో అచ్చయిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, మార్క్స్ పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చివున్నాడు. ఈ రెంటినీ ముడివేసి మాట్లాడితే సభలో చప్పట్లకు కొదవ వుండేది కాదు. చాలా ఏళ్లు ఆ ముడి మీదనే కాలం గడిపాను.

తరవాత అదే నవలను పాఠం చెప్పవలసి వచ్చింది. యథాప్రకారం, డ్రాకులా అంటే పెట్టుబడిదారుడని మొదలుపెట్టాను. వెనక బెంచీలోనుంచి ఒక విద్యార్థిని లేచి, “మాస్టారూ, పెట్టుబడిదారుడైతే ఆయన కోటలో ఒక్క పనివాడైనా లేడేమండీ?” అని అడిగింది. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి మళ్లీ చదవక తప్పలేదు.

అమ్మాయి అడిగింది నిజమే. లండన్ ఆస్తి కొనుగోలు కాగితాలతో ట్రాన్సిల్వేనియా కొండలు ఎక్కి వచ్చిన యువ న్యాయవాది జొనాథన్ హార్కర్‌కు ఆ కోటలో కాల్చిన కోడి, జున్ను, పాత ద్రాక్షసారా దొరుకుతాయి. పెట్టినవాడు కౌంట్ డ్రాకులాయే. పక్క సర్దేదీ, బల్ల మీద కంచాలు పెట్టేదీ కూడా అతడేనని హార్కర్ తలుపు సందులోనుంచి చూస్తాడు. కొండదారిలో బండి తోలింది కూడా అతడేనని అప్పుడు తడుతుంది. అతిథికి అన్నీ అమర్చి, తాను మాత్రం ముట్టడు. ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి దీనిని పట్టుకుని, ఇతడు భోగి అయిన ప్రభువు కాదు, కూడబెట్టడమే తెలిసినవాడు, కాబట్టి పెట్టుబడే అని వాదించాడు. తెలివైన వాదమే. కాని ఆ మట్టిని ఏం చేద్దాం?

కౌంట్ తన సొంత నేల మట్టిలో తప్ప పడుకోలేడు. యాభై పెట్టెలలో దానిని నింపుకుని, వార్నా రేవులో డిమిటర్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండు పోతాడు. పెట్టుబడికి సొంత ఊరి మట్టితో పనేమిటి? దానికి లాభం దొరికిన చోటే సొంత ఊరు. మట్టిని వదలలేనివాడు భూస్వామి. స్టోకర్ ఐర్లండు మహాక్షామం నడుస్తుండగా, 1847లో, డబ్లిన్‌లో పుట్టినవాడు. డబ్లిన్ కోట కచేరీలో ప్రభుత్వోద్యోగం చేసినవాడు. పొలాలు ఐర్లండులో, వాటి శిస్తు తినే దొర లండన్‌లో వుండే ఏర్పాటు అతనికి కొత్త కాదు.

ఇక బంగారం. కోటలో ఒక గది మూల హార్కర్‌కు బంగారు నాణేల కుప్ప కనబడుతుంది. రోమన్, ఆస్ట్రియన్, టర్కిష్ - ఏ నాణెమూ మూడు వందల ఏళ్లకు తక్కువ కాదు, పైన దుమ్ము. లండన్‌లో పికడిల్లీ ఇంట్లో హార్కర్ కత్తి విసిరినప్పుడు తెగింది కౌంట్ కోటు మాత్రమే. అందులోనుంచి నోట్ల కట్ట, బంగారం నేలరాలాయి. ప్రాణం మీదికి వచ్చిన ఆ క్షణంలో కూడా అతడు వంగి ఒక గుప్పెడు ఏరుకుని మరీ కిటికీలోనుంచి దూకుతాడు.

ఇక్కడ నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ దుమ్ము పట్టిన మూల నాకు తెలుసు. మా తాతగారికి పొలమూ వుండేది, వడ్డీ వ్యాపారమూ వుండేది. ఆయన భోషాణం నిండా ప్రోనోట్లు. ప్రతి కాగితం కింద ఒక వేలిముద్ర. తాను చిరిగిన పంచె కుట్టుకుని కట్టేవారు, ఒక పూటే తినేవారు. అప్పుకు వచ్చినవాడికి మాత్రం అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. భూస్వామా, పెట్టుబడిదారుడా అని నేను పుస్తకంలో తేల్చలేక తన్నుకుంటున్న మనిషి మా వసారాలోనే కూర్చునేవాడు. నా చదువుకు ఫీజులు కట్టింది ఆ భోషాణమే. సభలలో రక్తం పీల్చే జలగలని నేను కేకలు వేసిన రోజుల్లో ఈ సంగతి ఒక్కసారీ నా నోట రాలేదు.

రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపిన పేజీ మరొకటి వుంది. జుట్టు విరబోసుకుని ఒక పల్లెటూరి తల్లి కోట ఆవరణలోకి వచ్చి, తన బిడ్డను ఇమ్మని గుండెలు బాదుకుంటుంది. కౌంట్ తోడేళ్లను పిలుస్తాడు. పైనుంచి చూస్తున్న హార్కర్, బిడ్డ ఏమయిందో తెలుసు కనుక, ఆమె చావడమే మేలనుకుంటాడు. అంతే. నవల మళ్లీ ఆమె ఊసెత్తదు. డిమిటర్ నావికులు ఒక్కొక్కరే మాయమవుతారు. చుక్కానికి చేతులు కట్టుకుని చనిపోయిన కెప్టెన్‌కు విట్బీ ఊరు ఘనంగా అంత్యక్రియలు చేస్తుంది, మిగిలినవారిని తలిచేవారు లేరు. ల ఫాను రాసిన ‘కార్మిల్లా’ (1872) లోనూ ముందు చచ్చేది అడవి కాపరి కూతురి వంటివాళ్లే. ఆ పిల్ల శవం పోతుంటే, పల్లె జనం గురించి నాకెందుకని కార్మిల్లా విసుక్కుంటుంది. కార్మిల్లా అనడంలో వింత లేదు. స్టోకర్ పుస్తకంలో ఆ మాట అనకుండానే మంచివాళ్లంతా అలాగే నడుచుకుంటారు. లూసీ అనే సంపన్న కన్య మెడ మీద రెండు గాట్లు పడేదాకా వేట మొదలుకాదు.

వేటగాళ్లకూ డబ్బుంది. ఒకడు లార్డు, ఒకడు అమెరికా ధనికుడు. వాళ్ల ధనానికి మీనా తన దినచర్యలో కృతజ్ఞతలు చెప్పుకుంటుంది. చివరకు కౌంట్‌ను చంపింది లూసీ గుండెలో దింపినటువంటి కొయ్య మేకు కాదు. గొంతు కోసింది హార్కర్ చేతిలోని కుక్రీ, బ్రిటిష్ సైన్యంలో గూర్ఖాలు పట్టిన కత్తి. గుండెలో దిగింది అమెరికా వాడి బౌయీ కత్తి. ఒక దోపిడీని మరొక దోపిడీ ఆయుధాలు కూల్చాయని నాకు తోచింది.

మర్నాడు ఆ అమ్మాయికి ఈ మాటలన్నీ చెప్పలేకపోయాను. ప్రశ్న సరైనదని, నా పోలిక సగమేనని మాత్రం ఒప్పుకున్నాను. ఆవరణలోని తల్లి పేజీ చదివి వినిపించాను. “ఆమె పేరేమిటండీ?” అంది. పేరు లేదు.

మా వసారా ముందు కూడా ఒక మనిషి నిలబడి వుండేది. కూతురి పెళ్లికి, తాకట్టు పెట్టిన వెండి కడియాలు రెండు రోజులకు ఇమ్మని అడిగేది. నేను లోపల పెరుగన్నం తింటూ, ఈమె ఎప్పుడు పోతుందా అనుకునేవాణ్ణి. ఆమె పేరు కోసం ఈమధ్య ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరికీ గుర్తు లేదు. ప్రోనోటు మీద వుండేదేమో. కాగితాలకు చెద పట్టింది; భోషాణం మా పెదనాన్నగారు ఎప్పుడో అమ్మేశారు.