హవానా చుట్టయు దాని చెలికాండ్రును

ఉత్తమమైన చేతిచుట్ట చేతికి వచ్చిన వెంటనే అగ్గిపెట్టెకై తడవుకొనుట ఆ చుట్టను కట్టినవానికిని, అంతకుముందు ఆ యాకును పెంచినవానికిని చేయు అన్యాయము. దానిని మొదట కంటితోను, తరువాత వ్రేళ్లతోను, అటుపిమ్మట ముక్కుతోను పలుకరింపవలెను. మంచి హవానా చుట్టపై యాకులో లావైన ఈనెలుండవు. వెలుతురునకు త్రిప్పి చూచినపుడు మాత్రమే తెలియునంత సన్నని నూనె మెరుగు దాని మేనంతయు పరచుకొని యుండును. బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను నోట బెట్టు తల మొదలు నిప్పు పెట్టు పాదము వరకు మెల్లగా నొక్కుచు పోయినచో నెక్కడను గట్టి ముడిగాని మెత్తని గుంటగాని తగులరాదు. ముడి యున్నచోట పొగ నడువదు, గుంట యున్నచోట నిప్పు పరుగెత్తును. ఇక వాసన. ముట్టింపని చుట్ట పాదమును ముక్కు దగ్గరకు చేర్చినచో, అది పడుకొనియుండిన సెడారు పెట్టె వాసన, ఎండుగడ్డి వాసన, ఒక్కొక్కప్పుడు కోకో గింజల వాసన, వీని యన్నిటి యడుగున పశువుల కొట్టమును తలపించు నొక ఘాటు తెలియవచ్చును. ఈ కడపటిది దోషము కాదు; ఆకు చక్కగా మాగినదనుటకు గుర్తు. తల కోసిన పిదప నిప్పు లేకయే యొకసారి పీల్చి చూచినచో, ఆ గాలితో నాలుకకు తగులు తీపియో, ఉప్పదనమో, మిరియపు చురుకో, రాబోవు ముప్పావుగంట యెట్లుండునో ముందుగానే కొంత చెప్పును.

ఈ గుణములలో ననేకము చుట్ట కట్టువాని బల్లమీద పుట్టినవి కావు, నేలలో పుట్టినవి. క్యూబా ద్వీపమునకు పడమటి కొసన పినార్ దెల్ రియో రాష్ట్రములో వుయెల్తా అబాహో అను ప్రాంతము కలదు. అందు సాన్ లూయీస్, సాన్ హువాన్ ఈ మార్తీనెస్ అను నూళ్ల చుట్టునున్న యిసుకపాలు గల యెర్రనేలలలో చుట్టకు వలసిన మూడు విధముల యాకును, అనగా లోపలి పూరణపు టాకును, దానిని పట్టియుంచు నడిమి యాకును, పైని చుట్టు యాకును పండును. మూడును ఒక్కచోటనే యింత మేలుగా పండు నేలలు లోకమున బహు స్వల్పము. పై యాకునకై పెంచు మొక్కలమీద పలుచని గుడ్డతో పందిళ్లు వేయుదురు. ఎండకు నిలిచిన యాకు మందమై రుచిని కూడబెట్టుకొనును. నీడనున్న యాకు పలుచనై, విశాలమై, లాగినను చినుగని సాగుగుణమును పొందును. పూరణమునకు మాత్రము నేరుగా ఎండలో పెరిగిన మొక్కయే కావలెను. ఆ మొక్కయందును అన్ని యాకులును ఒక్కటి కావు. అడుగు వరుసనున్న వోలాదో యను నాకునకు రుచి తక్కువ, కాలు గుణము మిక్కిలి. నడిమి వరుసలోని సేకో పరిమళము నిచ్చును. కొసనుండి యెండ నంతటిని తానే భరించిన లిహేరో బలము నిచ్చును. అది నూనెలు నిండి నెమ్మదిగా కాలు నాకు కనుక దానిని చుట్టకు నట్టనడుమ నుంతురు. ఒక్కొక్క పేరుగల చుట్టకు ఒక్కొక్క రుచి యేర్పడుటకు ఈ మూటిని కలుపు పాళ్లే ప్రధాన కారణము.

కోసిన యాకును కొట్టములలో కర్రలకు వ్రేలాడదీసి ఆరవేయగా, ఇంచుమించు 50 దినములలో పచ్చదనము పోయి గోధుమవన్నె వచ్చును. కాని యిది యింకను పొగాకే గాని చుట్టకు తగిన పొగాకు కాదు. దానిని తడిపి, కుప్పలుగా పేర్చి, మూసియుంచినచో కుప్ప నడుమ తనంత తానే వేడి పుట్టును; ఆ వేడికి ఆకులోని అమ్మోనియా వెడలిపోవును, గొంతు పట్టు కారము తగ్గును, వన్నె ముదురును. వేడి మితిమీరకుండ కుప్పలను విప్పి, లోపలి యాకును పైకిని పైయాకును లోపలికిని మార్చి మరల పేర్చుచుందురు. లిహేరో వంటి బలమైన యాకు బల్లమీదికి చేరులోపల రెండేండ్లకు తక్కువ గాక మాగవలెను. కాలమునకు ప్రతిగా మరియొకటి పెట్టి ఈ పనిని ముగించు ఉపాయము నేటికిని ఎవ్వరికిని దొరకలేదు.

అప్పుడు గాని ఆకు చుట్టకట్టువాని చేతికి రాదు. ఆతని పనిముట్లు ఒక కొయ్య పలక, చావేతా యను అర్ధచంద్రాకారపు కత్తి, కొంచెము చెట్టు జిగురు, అంతే. ఆతడు పూరణపు టాకులను ఒక్కొక్కదానిని నిలువున మడిచి, గాలి పోవుటకు సన్నని దారులు మిగులునట్లు ఎడమ అరచేతిలో ప్రక్కప్రక్కన కూర్చును. దారి మూసికొన్నదో, చుట్ట పీల్చుటకు రాదు. మిక్కిలి తెరచికొన్నదో, వేడెక్కి చేదగును. ఈ తేడా ఆతని వ్రేళ్లకు తెలియును గాని నోటితో చెప్ప నలవి కాదు. పూరణమును నడిమి యాకులో బిగించి, కొయ్య అచ్చులో కొంతతడవు నొక్కియుంచి, తరువాత తడి యారని పై యాకును పలకమీద పరచి, చావేతాతో అంచు తీర్చి, ఏటవాలుగా త్రిప్పుచు పాదమునుండి తలవరకు చుట్టుకొని పోవును. తలకడ నాణెమంతటి యాకు ముక్కను టోపీగా జిగురుతో అంటించుటతో పని ముగియును. కొలతలో తప్పు సాగదు: పొడవును, అంగుళములో 64వ వంతులుగా లెక్కించు గేజి యను లావును ప్రతి రకమునకు నిర్ణయింపబడియున్నవి.

ఆ పని జరుగు శాలలో మరియొక వింత కలదు. 1865లో హవానాలోని ఎల్ ఫీగారో కార్ఖానాలో పనివారందరు వినునట్లు గట్టిగా చదువుటకు ఒక చదువరిని నియమించుట మొదలైనది. మన పల్లెలలో రామాలయపు అరుగుమీద ఒకరు పురాణము చదువుచుండగా తక్కినవారు నులక పేనుచు వినినట్లే, వారు చేతులతో ఆకు మడచుచు చెవులతో వార్తాపత్రికలను, నవలలను వినిరి. చదువరి జీతమును తమ కూలినుండియే చెల్లించిరి. చదువు విన్న కూలివాడు హక్కులడుగునను భయముతో మరుసటి యేడే ప్రభుత్వము ఆ పద్ధతిని నిషేధించినది గాని, అది మరల తలయెత్తి నేటికిని నిలిచియున్నది. డ్యూమా రచించిన మాంటెక్రిస్టో నవల పనివారికి ప్రాణమగుటచేతనే 1935లో వెలసిన చుట్టకు ఆ పేరు పెట్టిరని ప్రతీతి. చేతిచుట్టను ముట్టించినపుడు నా కీ సంగతి తప్పక జ్ఞప్తికి వచ్చును. చదువు వినుచు కట్టిన వస్తువు ఇంకొకటి నాకు తెలియదు.

ముట్టించుటలో నోర్పు ముఖ్యము. తల కోయునపుడు పై యాకును పట్టియుంచు టోపీ గీతకు దిగువకు కత్తి పోరాదు. పోయినచో చుట్ట విడిపోవును. పెట్రోలు దీపము పనికిరాదు, దాని వాసన ఆకుకు పట్టును. అగ్గిపుల్లయైనచో గంధకము పూర్తిగా కాలువరకు ఆగవలెను. సెడారు పుల్ల దొరికినచో అంతకన్న మేలు. మంటను చుట్టకు తాకింపక, దానికి కొంచెము పైన పాదమును త్రిప్పుచు, అంచంతయు సమముగా నెర్రబారిన పిదప మొదటి గుక్క తీయవలెను. తరువాత నిమిషమునకొక గుక్క చాలును. తొందరపడినచో నిప్పు ప్రబలి, సున్నితములైన సువాసనలు మాడిపోయి, చేదు మాత్రమే మిగులును. ఎందరో చుట్ట ఘాటని నిందింతురు గాని, ఆ ఘాటులో సగము వారి వేగమునుండి పుట్టినదే. పొగను రొమ్ములోనికి దింపరాదు. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్ని రుచులనే యెరుగును. తోలు, కాఫీ, బాదము, తడిమన్ను అని మనము చెప్పుకొనున వన్నియు ముక్కు చెప్పినవే. కనుక పొగను చాలవరకు నోట వదలి, మిగిలిన కొద్దిపాటిని ముక్కునుండి మెల్లగా విడిచినచో, అంతవరకు మూసియున్న పరిమళమంతయు ఒక్కసారి విప్పారును. నుసిని మాటిమాటికి రాల్చరాదు. అంగుళము వరకు నిలిచిన తెల్లని నుసి నిప్పును చల్లగా ఉంచును. చక్కగా కూర్చిన పొడవాకు చుట్టకు అది సాక్ష్యము కూడ.

ఫ్రెంచి రసికులు చుట్టను మూడు పాళ్లు చేసి మొదటిది ఎండుగడ్డి యనియు, రెండవది దివ్యమనియు, మూడవది పెంటనీరనియు చెప్పుదురు. మొదటి రెండు మాటలు యథార్థములు. మూడవదానిని నేనొప్పుకొనను. నెమ్మదిగా కాల్చిన మంచి చుట్ట కడపటి పాలులో ముదురు బెల్లపు పాకము వంటి బరువైన రుచి వచ్చును. నోటికి వేడి తగులువరకు దానిని విడువ బుద్ధి పుట్టదు. విడిచినపుడు నలిపి ఆర్పక, దానిని దానిమానాన ఆరనీయవలెను. నలిపిన చుట్ట వాసన గదిని విడువదు.

ఇక చెలికాండ్ర మాట. చుట్టకు తోడుగా నేది త్రాగవలెనన్నను, మొదట పానీయమును విడిగా ఒక గుక్క, చుట్టను విడిగా ఒక గుక్క రుచి చూచి, పిమ్మట రెంటిని కలుపవలెను. కలిసినపుడు రెంటిలో దేనియందును లేని మూడవ రుచి యేదైన తలయెత్తినచో ఆ జోడు కుదిరినట్లు. బలమైన దానికి బలమైన తోడే కావలెను. పార్తగాస్ సెరీ డి నాలుగవ నంబరు, 124 మిల్లీమీటర్ల పొడవును 50 గేజి లావును గల పొట్టి దిట్టమైన చుట్ట, మిరియపు చురుకుతో, మన్నువాసనతో నోటిని నింపును. ఓకు పీపాలలో నేండ్లతరబడి మాగిన క్యూబా రమ్ము దానికి తగిన జోడు. చెరకు మడ్డినుండి పుట్టిన ఆ పానీయపు లోతీపి చుట్ట చురుకును అణపక మెత్తపరచును. అందులో మంచుముక్క వేయరాదు, చల్లదనము నాలుకను మొద్దుబార్చును. పోర్టు ద్రాక్షసారాయము కడపటి పాలునకు చక్కగా నొప్పును. పీటు పొగ పట్టించిన స్కాట్లండు విస్కీని కొందరు మెత్తురు గాని, పొగకు పొగయే తోడగుట నాకు రుచింపలేదు.

తేలికపాటి చుట్టలకు, ఓయో దె మోంతెర్రేయ్, హెచ్. ఉప్మన్ వంటివానికి, సారాయములన్నియు బరువే. 1962 ఫిబ్రవరిలో క్యూబా సరకుపై నిషేధము విధించుటకు ముందు అమెరికా అధ్యక్షుడు కెనడీ తన పత్రికా కార్యదర్శి సాలింజరుచేత 1,200 పెతీ ఉప్మన్ చుట్టలు తెప్పించుకొని, అవి చేతికందిన తరువాతనే సంతకము చేసెనని సాలింజరే చెప్పియున్నాడు. ఆ జాతి చుట్టకు కాఫీని మించినది లేదు. పాలు కలిపినచో వెన్న నాలుకపై పొరకట్టి సన్నని రుచులను కప్పివేయును. చికోరీ కలిపినచో దాని చేదు చుట్ట చేదుతో చేరి రెట్టింపగును. చికోరీ లేని నల్లని కాఫీయే కావలెను. నడుమ నడుమ ఒక గుక్క మంచినీరు పుచ్చుకొన్నచో నాలుక మరల మేల్కొనును. ఆవకాయ కలుపుకొని భోజనము చేసిన తెలుగువాడు మాత్రము ఒక గంట ఆగక హవానా చుట్టను ముట్టింపరాదు. మిరపయు, ఆవయు, మామిడి పులుపును ఏలిన నాలుకమీద ఆ సున్నితపు పరిమళము నిలువజాలదు.

మన కోస్తాలో దీనిని దాచుటయు నొక సమస్యయే. చుట్టకు నూటికి 65 నుండి 70 పాళ్ల తేమయు, 18 నుండి 21 డిగ్రీల చల్లదనమును కావలెను. మన వేసవిలో బీరువాలో వదలివేసినచో లోపలనున్న పొగాకుపురుగు గ్రుడ్లు పగిలి, పురుగులు వెలువడి, చుట్టకు సూదిబెజ్జములు పడును. మూత బిగువైన సెడారు పెట్టెయు, చల్లని గదియు లేనివారు కొన్న వారములోనే కాల్చివేయుట మంచిది.

ఇంత రసజ్ఞతను హవానా ఆకునకు చూపు మనము గోదావరి లంక పొగాకునకు చూపినది తక్కువ. వరద తీసిన లంకలలో ఒండ్రుమన్నుమీద పెరిగి, చెన్నరాజధానిలోని తెల్లదొరలచేత మెప్పు పొందిన యాకది. 1890లో కోనన్ డాయిల్ రచించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో 140 విధముల పొగాకు నుసిని వర్ణించి గ్రంథము వ్రాసితినని చెప్పుకొన్న షెర్లాక్ హోమ్స్ నోట ఈ లంక చుట్ట పేరు వినవచ్చును. మనవారిలో కన్యాశుల్క నాటకమందలి గిరీశము పొగను పొగడినాడు గాని, ఏ యాకు ఏ రుచియో చెప్పలేదు. ఈనె తీసి, తడిపి, కట్టిన లంక చుట్టలో హవానా చుట్ట సౌకుమార్యము లేదు. ముదురు రంగు, మందమైన పొగ, కాల్చిన బెల్లపు చేదు, నోటిలో చాలసేపు నిలుచు కారము కలవు. అదియును తొందరపడక రుచి చూచినవానికే దక్కును.

పొగాకు అలవాటు లేనివారు ఈ వ్యాసము చదివి అలవాటు చేసికొనవలదని నా ప్రార్థన. రొమ్ములోనికి దింపకున్నను చుట్ట పొగలోని నికోటిను నోటి పొరలనుండియే రక్తములో చేరును; కొన్ని పెద్ద చుట్టలలో నొక పెట్టె సిగరెట్లలో నున్నంత పొగాకు ఉండును; నోటికిని గొంతునకును పుట్టకురుపు తెచ్చు శక్తి దానికున్నది. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములలో నిప్పు వైపు నోటబెట్టుకొని అడ్డపొగ త్రాగిన స్త్రీల అంగిళ్లను పరీక్షించిన వైద్యులు ఈ సంగతిని ఏనాడో తేల్చియున్నారు. ఇప్పటికే అలవాటున్నవారు దినదినము గాక ఎప్పుడో యొకనాడు, కడుపు నిండియున్నపుడు, మంచిదానిని ఒక్కదానిని కాల్చిన చాలును. అట్టివారు నన్ను తోడు చెప్పుమన్నచో, లంక చుట్టకైనను హవానా చుట్టకైనను, పాలును చికోరీయును లేక తాటిబెల్లము వేసి కాచిన కాఫీనే చెప్పుదును. రమ్ముకన్న నాకు అదియే మేలుగా తోచినది.