స్థానభ్రంశం సున్నా

ఇల్లు కోరుట్లలో, అక్కడ ముసలి తల్లి. బడి జగిత్యాల దగ్గర. భార్యాపిల్లలు సిరిసిల్లలో. ఫిజిక్సు సారు బతుకు ఈ మూడూళ్ల మధ్య బస్సు టికెట్టులా నలిగిపోతోంది. ఆమె కూడా టీచరే. 2016 అక్టోబరు దాకా ఈ మూడూళ్లూ కరీంనగర్ జిల్లాలోవే. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవోతో టీచర్లను కొత్త జిల్లాలకు సర్దినప్పుడు చెరో జిల్లా వచ్చింది.

నలభై ఏడో ఏట షుగరు హద్దు దాకా వచ్చింది. రోజూ నడవాల్సిందేనన్నాడు డాక్టరు. తెల్లవారుజామున గ్రౌండులో పది రౌండ్లు మొదలుపెట్టాడు. పదో తరగతికి స్పెషల్ క్లాసులు రాగానే పది ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. పిల్లలకు జీర్ణక్రియ చెప్పే బయాలజీ సారుదీ ఇదే కథ! అందుకే ఆదివారం ఒక్కరోజైనా గట్టిగా పరుగెత్తాలని పట్టుదల.

శనివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి చిన్న కూతురు నిద్రపోయింది. తెల్లారి ఆయన బూట్లు వేసుకుంటుంటే లేచి వాకిట్లోకొచ్చింది.

"వారానికొక్కసారి వస్తవు. మళ్ల ఉరుకుడేనా డాడీ?"

జవాబు చెప్పలేక ఆ పిల్ల చెప్పులు వెతికి తెచ్చాడు. ఇద్దరూ మానేరు ఒడ్డుదాకా నడిచారు. ఆ నడకకు చెమట కూడా పట్టలేదు. ఇంటి ముందుకొచ్చాక అలవాటు కొద్దీ పాఠం అందుకున్నాడు: రెండు కిలోమీటర్లు నడిచినా, బయల్దేరిన చోటికే వచ్చాం కనుక స్థానభ్రంశం సున్నా.

"గట్లయితే నువ్వు ఎటూ పోనట్టేనా?"

"పోనట్టే బిడ్డా."

సోమవారం చీకటితోనే బస్సు. చిన్నది ఇంకా లేవలేదు.